ముప్పై నాలుగు ఉత్తరాలు, ఒకటే తేదీ

యేసమ్మ గారి గురించి రాయాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. అది దాచి ఆవిడ కథ మాత్రం రాస్తే సగం అబద్ధం అవుతుంది. నా పేరు సత్తిరాజు. ఏలూరు పాత బస్టాండు దగ్గర కంప్యూటర్లు రిపేరు చేసే షాపు ఉండేది నాకు. పని బాగానే వచ్చు, ఓపికే తక్కువ. ఎవరైనా ఫోన్ చేసి కంప్యూటర్ పనిచేయట్లేదంటే, స్విచ్ వేశారా అని ముందు విసుక్కుని, తర్వాత సంగతి వినే రకం.

2005 జూన్‌లో దెందులూరు నుంచి ఆవిడ మొదటిసారి ఫోన్ చేశారు. గొంతు మెత్తగా ఉంది గానీ ప్రతి మాటా విడివిడిగా, డిక్టేషన్ చెబుతున్నట్టు ఉంది.

"ఏవండీ, కంప్యూటర్ వెయ్యగానే నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వస్తున్నాయండీ. బ్యాటరీ తక్కువుంది, ముందుకెళ్ళాలంటే ఎఫ్ వన్ నొక్కమంటోంది. ఇది కరెంటు మీద నడిచేది కదండీ, దీనికి బ్యాటరీ ఎక్కడుంటుంది?"

ఆ ప్రశ్న వేసినవాళ్ళలో ఆవిడ మొదటి మనిషి కాదు. టేబుల్ మీద పెట్టుకునే కంప్యూటర్‌కి బ్యాటరీ ఏమిటని చాలామంది వింతపోతారు. లోపల బోర్డు మీద అర్ధరూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు తేదీనీ టైమునీ గుర్తుపెట్టుకోవడం దాని పని. అది అయిపోతే కంప్యూటర్ నడుస్తుంది గానీ, ఇవాళ ఏ రోజో దానికి తెలియదు. పుట్టిన నాటి తేదీ ఏదుందో అక్కణ్ణించి మళ్ళీ మొదలుపెడుతుంది.

స్కూటర్ వేసుకుని వెళ్ళాను. హైవే దిగి రైసుమిల్లు వెనక్కి వెళితే రెండు గదుల వాటా. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. తెల్లచీర, బిగించి కట్టిన ముడి. ఇంట్లో ప్రతి వస్తువూ గోడకి కొలిచి పెట్టినట్టు ఉంది. స్టాండులో ఒక పళ్ళెం, ఒక గ్లాసు. నాకు టీ ఇవ్వడానికి బీరువాలోంచి ఇంకో గ్లాసు తీసి, పాత పేపరు చుట్ట విప్పి, కడిగి తెచ్చారు. ఆ ఇంటికి ఎంతమంది వస్తారో నాకప్పుడే తెలిసి ఉండాలి.

కంప్యూటర్ పాతది. 2000లో అసెంబుల్ చేసిన పెట్టె. మూత విప్పి చూశాక గుర్తొచ్చింది, కొత్త బ్యాటరీ షాపులోనే మర్చిపోయానని. మళ్ళీ ఏలూరు వెళ్ళి రావాలంటే బద్ధకం. సంచిలో ఏదో పాడైన కంప్యూటర్‌లోంచి పీకిన బ్యాటరీ ఉంది. అదే వేశాను. కొత్తదని చెప్పాను. తేదీ సరిచేసి, కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, టీ తాగి, మళ్ళీ వేశాను. హెచ్చరిక రాలేదు. ఆవిడ చేతులు జోడించి "దేవుడు మిమ్మల్ని దీవించాలి బాబూ" అన్నారు. నేను చేతులు దులుపుకుని వచ్చేశాను.

తర్వాతి ఆదివారం పదకొండుంపావుకి ఫోన్ మోగింది.

"బాబూ, మళ్ళీ అదే వస్తోందండీ."

"ఎఫ్ వన్ నొక్కితే వెళుతోందా అమ్మగారూ?"

"వెళుతోందండీ."

"అయితే ఇంకేం, నొక్కేయండి."

ఆపై ఆదివారం మళ్ళీ అదే టైముకి ఫోన్. ఆ పై ఆదివారమూ అంతే. ప్రార్థన గుడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కంప్యూటర్ వేసి, ఆ హెచ్చరిక చూసి నాకు ఫోన్ చేసేవారన్నమాట. పక్క షాపు ప్రసాదరావు "నీ ఆదివారం ఫోను వచ్చిందయ్యా" అని ఆటపట్టించేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఒంటరి ముసలావిడ, తోచక ఎవరో ఒకరితో మాట్లాడాలని ఈ వంక పెట్టుకుందని తీర్మానించేశాను. అందుకే రెండు మూడు వారాలు ఫోన్ ఎత్తడం కూడా మానేశాను. ఒకసారి ఎత్తితే, ఆవిడ మొహమాటపడుతూ ఇంకో మాట చెప్పారు.

"తేదీ కూడా తప్పు చూపిస్తోందండీ. ఎప్పుడో రెండువేలో సంవత్సరం జనవరి ఒకటని వస్తోంది."

"తేదీతో మీకేం పనండీ? గోడకి క్యాలెండర్ ఉంది కదా."

"ఉందండీ," అన్నారు ఆవిడ, చాలా మర్యాదగా. ఆ తర్వాత ఫోన్లు తగ్గిపోయాయి. నేను నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకున్నాను.

2006 మార్చి మొదటి వారంలో ఒక శనివారం, భీమడోలులో ఒక చేపల చెరువు ఆసామి ఇంట్లో పని ముగించుకుని వస్తున్నాను. దెందులూరు దగ్గర రైసుమిల్లు కనిపించగానే ఎందుకో సిగ్గేసింది. స్కూటర్ అటు తిప్పాను. ఆవిడ నన్ను చూసి, ఒక్క మాట దెప్పకుండా, బీరువాలోంచి రెండో గ్లాసు తీశారు.

కంప్యూటర్ దగ్గరికి వెళ్ళేసరికి ప్లగ్గు గోడ నుంచి ఊడదీసి, వైరు చుట్టి, రబ్బరుబ్యాండు వేసి ఉంది.

"ఎప్పుడూ ఇలాగే తీసేస్తారా అమ్మగారూ?"

"తీసేస్తానండీ. మనిషి లేని గదిలో కరెంటు ఉండకూడదని నేను వార్డెన్‌గా ఉన్న హాస్టల్లో రూలు. ముప్పై ఒక్క ఏళ్ళు అలవాటైపోయింది. ఆదివారం ఒక్కరోజే కదండీ నేను దీని ముందు కూర్చునేది."

మీటరు పెట్టి చూశాను. మూడు వోల్టులు ఉండాల్సిన బ్యాటరీలో రెండు కూడా లేవు. ప్లగ్గు పెట్టి ఉంచితే గోడ కరెంటే లోపల గడియారాన్ని నడిపేది, ఆ చచ్చు బ్యాటరీ కూడా ఇంకొన్నాళ్ళు నెట్టుకొచ్చేది. ఆరు రోజులపాటు ప్లగ్గు తీసేస్తే ఏడో రోజుకి దానికి ఏమీ గుర్తుండదు. నేను టీ తాగినంతసేపు పరీక్ష పెట్టి బాగుందన్నాను. వారం రోజుల పరీక్షకి అది ఎప్పుడూ నిలవలేదు.

ఎఫ్ వన్ నొక్కి లోపలికి వెళ్ళాను. ఆవిడ వాడేది ఒక్క మెయిలు మాత్రమే. పంపిన ఉత్తరాల పెట్టె తెరిచాను. ముప్పై నాలుగు ఉత్తరాలున్నాయి. అన్నీ ఒకే మనిషికి, వీరదుర్గ అన్న పేరుకి. ముప్పై నాలుగింటి మీదా ఒకటే తేదీ, 2000 జనవరి 1. ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

ఎందుకంటే ఈ తిప్పలు నాకు తెలుసు. ఆ రోజుల్లో చాలా మెయిలు పెట్టెలు, పంపినవాళ్ళ కంప్యూటర్ ఏ తేదీ చెబితే దాన్నే నమ్మేవి. కొత్తవి పైన, పాతవి కింద. రెండువేలో సంవత్సరం తేదీతో వెళ్ళిన ఉత్తరం, ఇవాళ చేరినా సరే, అన్నిటికంటే అడుగున చివరి పేజీలో పడుతుంది. పనిగట్టుకుని కిందికి వెళ్ళి వెతికితే తప్ప కనిపించదు.

"అమ్మగారూ, ఈవిడ మీకు జవాబు రాసిందాండీ?"

"లేదండీ."

"ఒక్కటి కూడా?"

"రాయదండీ. రాయాల్సిన అవసరం తనకి లేదు."

నేను తేదీ సంగతి వివరించాను. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని విన్నారు. ఒకసారి వినగానే అర్థం చేసుకున్నారు, నా కస్టమర్లలో అలా అర్థం చేసుకున్నవాళ్ళు తక్కువ. "అయితే ఆ పిల్ల ఇవేవీ చూసి ఉండకపోవచ్చునంటారా?" అన్నారు. ఆ ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. చూసి నాకు మరింత సిగ్గేసింది. అప్పుడు చెప్పారు ఆ సంగతి.

యేసమ్మ గారిది కామవరపుకోట దగ్గర పల్లె. అమ్మానాన్నా పొగాకు వేడికి ఆరబెట్టే బేరన్లలో కూలికి వెళ్ళేవారు. మిషను బడిలో చదివి, ట్రైనింగ్ అయ్యి, ఏలూరులో ఒక ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా వచ్చారు. పెళ్ళి మాట ఒకటి రెండుసార్లు వచ్చిందిట. ఇంతమంది పిల్లల్ని ఎవరికి అప్పజెప్పి వెళ్ళనని ఊరుకున్నారు. పిల్లల్లో కిరస్తానీలూ ఉండేవారు, కాని వాళ్ళూ ఉండేవారు. వీరదుర్గది కొల్లేటి లంక. తండ్రి లేడు. తల్లి వలపని చేసి, ఏడాదికి రెండుసార్లు పడవెక్కి, బస్సెక్కి కూతుర్ని చూడ్డానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఎండు చేపల మూట ఒకటి వార్డెనమ్మ గారికి.

హాస్టల్లో ఉత్తరాలకి ఒక పద్ధతి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం పిల్లలందరూ ఇంటికి ఉత్తరం రాయాలి. వచ్చేవీ పోయేవీ అన్నీ వార్డెన్ చదివాకే కదలాలి. పబ్లిక్ పరీక్షలప్పుడు మాత్రం ఇంటి నుంచి చెడ్డ కబురుతో ఏ ఉత్తరం వచ్చినా, పరీక్షలయ్యేదాకా ఆవిడ సొరుగులో ఉండిపోయేది. గేదె చచ్చిపోయిందనో, అన్నదమ్ములు కొట్టుకున్నారనో తెలిస్తే పిల్ల పరీక్ష పాడుచేసుకుంటుందని. అది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు, ఆవిడ చేతి అలవాటు.

"తొంభై ఆరులో దుర్గ పదో తరగతి పరీక్షలండీ," అన్నారు. "మొదటి రోజునే వాళ్ళ మేనమామ రాసిన ఉత్తరం వచ్చింది. అమ్మకి కామెర్లు, పసరు వేయించాం, నిన్ను చూడాలంటోంది, పంపించమని అడుగు అని. నేను చదివి సొరుగులో పెట్టానండీ. కామెర్లే కదా, తగ్గిపోతాయిలే అనుకున్నాను. పదకొండు రోజులు పెట్టాను. ఆఖరి పరీక్ష రాసి వచ్చేసరికి మేనమామ గేటు దగ్గర ఉన్నాడు. తల్లి పోయి అప్పటికి నాలుగు రోజులు."

"ఉత్తరం సంగతి ఆయన అడిగారా?"

"అడిగాడు. అందలేదన్నానండీ. పోస్టు ఆలస్యమై ఉంటుందని ఆయనే సర్దుకున్నాడు. అమ్మ పిలిస్తే కూతురు రాలేదని ఊళ్ళో అనుకున్నారుట. ఆ పిల్ల ఆ మాట మోసుకుంటూనే ఫస్టుక్లాసు తెచ్చుకుంది, నర్సు ట్రైనింగుకి వెళ్ళింది. నన్ను మాత్రం తల్లిలాగే చూసేది. ఎనిమిదేళ్ళు ఆ ఉత్తరం చింపలేకపోయానండీ, ఇవ్వలేకపోయాను."

2004లో ఆవిడ రిటైరయ్యారు. పాత పిల్లలు కలిసి సభ చేశారు. మూతపడుతున్న ఇంటర్‌నెట్ సెంటర్ నుంచి ఈ కంప్యూటర్ కొని ఇచ్చింది వీరదుర్గే. అప్పటికి విశాఖపట్నంలో నర్సు. ఆ ఉదయం ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని మెయిలు ఎలా పంపాలో నేర్పింది. "మాచేత రాయించారు కదా, ఇప్పుడు ప్రతి ఆదివారం మీరు నాకు రాయాలి" అని నవ్వింది. సాయంత్రం సభ అయ్యాక, ఇంక దాచుకోలేక, యేసమ్మ గారు ఆ ఉత్తరం ఆ పిల్ల చేతిలో పెట్టారు. అమ్మాయి నిలబడే చదివింది. మడిచి సంచిలో పెట్టుకుంది. అట్నుంచటే స్టేషన్‌కి వెళ్ళిపోయింది. తర్వాత క్వార్టర్సు మారింది, ఫోన్ నంబరు మారింది. మిగిలింది ఈ మెయిలు అడ్రసు ఒక్కటే.

ఆవిడకి మొదటి అక్షరం రాయడానికి ఏడాది పట్టింది. సరిగ్గా అప్పుడే బ్యాటరీ పోయింది.

"ఏం రాశారమ్మగారూ అన్నిసార్లు?"

"ఏముందండీ. వాళ్ళ అమ్మ గురించి నాకు గుర్తున్నవి రాసేదాన్ని. ఎప్పుడు వచ్చింది, ఏ చీర కట్టుకుంది, గేటు దగ్గర ఏమంది. ఆ పిల్లకి తెలియనివి నాకు కొన్ని తెలుసు కదండీ."

నేను అప్పటికప్పుడు ఏలూరు వెళ్ళి, సీలు తీయని బ్యాటరీ తెచ్చాను. చెప్పిన అబద్ధం కూడా ఒప్పుకున్నాను. ఆవిడ "పోనీలెండి" అన్నారు. బ్యాటరీ వేసి, తేదీ సరిచేసి, ఇకమీద ప్లగ్గు తీయొద్దని గట్టిగా చెప్పాను. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వంక చూస్తూ కూర్చున్నారు.

"ఇది బాగుపడ్డాక కూడా జవాబు రాకపోతేనండీ?"

"ఎందుకు రాదండీ! అసలు చూసి ఉంటే కదా. రేపు రాసేటప్పుడు తేదీ పొరపాటు సంగతి రాయండి. కింద పాతవి ఉన్నాయి చూడమనండి. ఈ ఒక్కదానికి జవాబు రాయమని అడగండి."

"నేనెప్పుడూ జవాబు అడగలేదండీ. అడిగే మనిషిని కాను."

"అదేనండీ మీతో వచ్చిన చిక్కు. అడక్కపోతే ఎవరు ఇస్తారు? నా మాట వినండి, వస్తుంది. నాదీ పూచీ."

అలా ఎందుకు పూచీ పడ్డానో ఇప్పటికీ నామీద నాకు కోపమే. నా తప్పు వల్ల ఆగిన దాన్ని నేనే నడిపించి, పుణ్యం కట్టుకోవాలన్న తొందర. ఆ పిల్ల మనసు కూడా బోర్డు మీది బ్యాటరీ లాంటిదేనని, మారిస్తే సరిపోతుందని అనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "బాబూ, జవాబొచ్చిందండీ. వీలుంటే ఒకసారి వస్తారా?" గొంతులో ఏమీ తెలియలేదు. నేను షాపు మూసి, ప్రసాదరావుకి గొప్పగా చెప్పుకుని మరీ వెళ్ళాను.

కంప్యూటర్ ఆన్ చేసే ఉంది. ఆవిడ నన్ను కూర్చోమని, "ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కదండీ, నేను సరిగ్గా చదివానో లేదో. మీరోసారి పైకి చదవండి," అన్నారు. చదివాను.

"అమ్మగారికి. మీ ఉత్తరాలన్నీ చదివాను. పాత తేదీతో వస్తున్నాయని రెండోదానికే తెలిసింది. ప్రతి సోమవారం డ్యూటీ దిగాక చివరి పేజీకి వెళ్ళి చూసుకునేదాన్ని. అమ్మ గురించి అంతగా నాకు చెప్పినవాళ్ళు లేరు. మీరు జవాబు అడగలేదు కాబట్టి చదవగలిగాను. ఈసారి అడిగారు. అడిగాక అబద్ధం రాయలేను. నేను మిమ్మల్ని క్షమించలేదు. ప్రయత్నం చేశాను, నావల్ల కాలేదు. ఇంక ఉత్తరాలు రాయకండి. ఆరోగ్యం జాగ్రత్త. దుర్గ."

తొమ్మిది నెలలుగా ఒకావిడ రాస్తోంది, ఇంకొకావిడ వెతుక్కుని చదువుతోంది. ఇద్దరికీ అంతమాత్రం చాలింది. మధ్యలో నేను వెళ్ళి, బాగుచేస్తానని, ఉన్నది కాస్తా తెంపేశాను.

"సోమవారం ముక్క ఇంకోసారి చదవండి బాబూ," అన్నారు యేసమ్మ గారు.

చదివాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. కళ్ళు తెరిచాక తడి లేదు గానీ, మనిషి ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు కనిపించింది.

"నావల్లేనమ్మగారూ," అన్నాను. "నేను అడగమనకుండా ఉంటే..."

"మీరు చెప్పబట్టి కాదండీ. అడగాలని నాకూ ఉండేది. ఇన్నాళ్ళూ ధైర్యం లేక ఊరుకున్నాను."

"మళ్ళీ రాయండి. ఏదో బాధలో అంది గానీ, వచ్చే సోమవారం కూడా చూసుకుంటుంది ఆ అమ్మాయి. చూడకుండా ఉండలేదు."

"చూస్తుందండీ. నాకూ తెలుసు." ఆవిడ తెర వైపు తిరిగారు. "కానీ వద్దంది కదా. ఆ పిల్లకి ఏది మంచిదో తనకంటే నాకే బాగా తెలుసనుకుని ఒకసారి ఉత్తరం ఆపాను. మళ్ళీ నాకే తెలుసనుకుని ఇప్పుడు ఉత్తరం రాయమంటారా?"

టీ తాగమన్నారు, తాగాను. గ్లాసు తీసుకెళ్ళి కడిగి, తుడిచి, పేపరు చుట్టి బీరువాలో పెట్టేశారు. గుమ్మం దాకా వచ్చి, ఎండగా ఉంది నెమ్మదిగా వెళ్ళమన్నారు.

ఆ తర్వాత ఆవిడ రాయలేదు. అన్న మాట మీద నిలబడే మనిషి. ఆపై సోమవారం సాయంత్రం నేను షాపులో ఏదో పెట్టె విప్పుకుని కూర్చుని ఉన్నాను, పని మీద ధ్యాస లేదు. విశాఖపట్నంలో ఒక నర్సు డ్యూటీ దిగి, కంప్యూటర్ ముందు కూర్చుని, పైన ఏమైనా వచ్చిందేమో చూసి, అలవాటుకొద్దీ చివరి పేజీకి కూడా వెళ్ళి చూసే వేళ అయింది. అక్కడ కొత్తగా ఏమీ ఉండదు.